తాతగారి తిత్తి: గాలి నిలవకపోతే ఏం చేయాలి

నమస్తే అండీ. వీధి భాగవతాల్లో శ్రుతి పట్టిన మీ తాతగారి తిత్తి, అంటే గాలి నింపి మోగించే తోలు సంచి వాద్యం, అటక మీద దొరికిందని, ఊదితే గాలి నిలవక బుస్సుమంటోందని రాశారు. అది ఇంకా మిగిలి ఉందని చదివి ఎంత సంతోషమేసిందో!

ముందు ఒక మాట. దయచేసి నోటితో ఊదకండి. ఏళ్ల తరబడి మూసి ఉన్న తోలులో బూజు పడుతుంది, అది ఊపిరితిత్తులకెక్కితే ప్రమాదం. ఇంగ్లండులో బ్యాగ్‌పైపు (తిత్తి లాంటి వాద్యమే) వాయించే ఒకాయన, అందులోని బూజు వల్లే కావచ్చు, ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడని 2016లో వైద్య పత్రికలో వచ్చింది. సైకిల్ పంపుతో గాలి నింపండి.

నాదం పలికే గొట్టాన్ని మెల్లగా ఊడదీసి, ఆ రంధ్రం బిగించి మూయండి. అయినా గాలి పోతుంటే లోపం తోలుదే. తడి చేతిని కుట్ల వెంట, తోలులో మేక కాళ్లుండే చోట వేసిన ముడుల దగ్గర ఆనించండి, కారేచోట చల్లగా తగులుతుంది. కుట్టు దగ్గరైతే తేనెమైనం కరిగించి పూస్తే సరిపోతుంది. తోలే పెళుసై పగుళ్లిస్తే నూనెలు పట్టించి లాభం లేదు, కొత్త మేకతోలు కట్టించాల్సిందే. ఇందులో బాధపడాల్సింది లేదు. తోలు అరిగేదే, మార్చుకునేదే. పాత తోలు మాత్రం పారేయకండి, ముడులు ఎలా వేశారో కొత్తది కట్టేవాళ్లకు అదే చూపిస్తుంది.

గాలి నిలిచీ మూగగా ఉంటే గొట్టంలోని నాలుక చూడండి. రెల్లుతో చేసిన సన్నని చీలిక అది. దుమ్ము ఉంటే మెత్తటి కుంచెతో దులపండి, గీకొద్దు. దాని కొసన ఆవగింజంత మైనం కనిపిస్తే తీయకండి. బరువు పెంచి శ్రుతి దించడానికి పెట్టింది అయ్యుంటుంది, బహుశా మీ తాతగారి చేత్తోనే.