డీజిల్ ట్రక్కుకు పెద్ద ఫిట్టింగులు వేస్తే ఇంధనం బాగా అందుతుందా?

ఖాళీ బండి బాగానే లాగుతోంది, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం పికప్ పడిపోతోంది, ట్యాంకు నుంచి పంపు దాకా ఫిట్టింగులన్నీ పెద్దవి వేస్తే సరిపోతుందా అని అడిగారు. డీజిల్ దారికి అడ్డు ఫిట్టింగులోనే ఉంటే సరిపోతుంది, ఇంకోచోట ఉంటే కాదు. అందుకని సామాను కొనకముందే కొలిచి చూడండి.

ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకు ముందు, డీజిల్‌ను పీల్చే వైపు ఒక టీ (మూడు దారుల జాయింటు) వేసి వ్యాక్యూమ్ గేజి పెట్టండి. లోడు మీద, ఫుల్ యాక్సిలరేటర్‌లో వచ్చే రీడింగే లెక్క. ఐడ్లింగ్‌లో చూసింది దేనికీ పనికిరాదు. ఎంత వరకు ఉండొచ్చో మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉంటుంది. దానికంటే ఎక్కువ చూపిస్తే గేజిని ట్యాంకు వైపు ఒక్కో జాయింటు జరుపుతూ వెళ్లండి. రీడింగు ఒక్కసారిగా తగ్గిన చోటికీ, అంతకుముందు పెట్టిన చోటికీ మధ్యలోనే అడ్డు ఉంది. పంపు ట్యాంకులోనే ఉన్న బండికి వ్యాక్యూమ్ కాదు, ఇంజన్ దగ్గర లో ప్రెషర్ వైపు ఒత్తిడి కొలవాలి.

చాలాసార్లు దొంగ ఫిట్టింగు కాదు. పికప్ పడిపోయినప్పుడు బండి ఆపి ట్యాంకు మూత వదులు చేసి చూడండి. వెంటనే కోలుకుంటే వెంట్, అంటే ట్యాంకులోకి గాలి వచ్చే దారి, మూసుకుపోయినట్టే. తర్వాత ట్యాంకులోని జాలీ, ఫిల్టరు చూడండి. పాత రబ్బరు పైపునైతే అసలు నమ్మొద్దు: పైకి బాగానే కనిపిస్తుంది, లోపలి పొర ఊడి, పీల్చినప్పుడు ముడుచుకుని దారి మూసేస్తుంది.

ఇవన్నీ బాగున్నాయంటే అప్పుడు బ్యాంజో బోల్టుల మీద (పైపు చివరి రింగులోంచి దూర్చి బిగించే బోలు బోల్టులు) అనుమానం పెట్టుకోవచ్చు. బోల్టు లావు చూసి మోసపోకండి, డీజిల్ పోయేది దాని పక్కనున్న అడ్డ రంధ్రాల్లోంచి. 4 మి.మీ. రంధ్రాలు రెండుంటే మొత్తం దారి 25 చదరపు మి.మీ., అదే లోపల 10 మి.మీ. ఉన్న పైపు దారి 78. అంటే పైపులో మూడో వంతు కూడా లేదు. అదే రంధ్రాలు 5.5 మి.మీ. ఉంటే 47 దాటుతుంది. గొట్టం తొడిగే నిపిల్ కూడా అంతే, 10 మి.మీ. పైపులో దూరే నిపిల్ లోపలి రంధ్రం 7 మి.మీ. ఉంటే సగం దారి పోయినట్టే. కొనేటప్పుడు క్యాలిపర్‌తో లోపలి రంధ్రం కొలవండి. ఉన్న బోల్టునే డ్రిల్ చేయడం నాకు ఇష్టం లేదు. గోడ పలచబడి బిగించేటప్పుడు తెగుతుంది, డ్రిల్ చేసిన లోహపు పొట్టు మిగిలితే నేరుగా పంపులోకి పోతుంది.

బ్యాంజో తీసేసి నేరుగా ఫిట్టింగు వేస్తే ఇంకా మంచిది. మలుపు తప్పదంటే లోపల గుండ్రంగా వంగిన ఎల్బో తీసుకోండి, చతురస్రంగా కోసినట్టున్నది వద్దు. ఫిట్టింగు డాష్ సైజులో 6 అంటే 6/16, అంటే 3/8 అంగుళం గొట్టానికి, 8 అంటే అర అంగుళానికి. 37 డిగ్రీల ఫ్లేర్‌ను (గరాటులా ఏటవాలుగా ఉండే జాయింటు ముఖం) 45 డిగ్రీల దానికి కలపకండి, బిగిసినట్టే ఉండి కారుతుంది. జింక్ పూత ఇనుప పైపు ముక్కలు వాడొద్దు. జింక్ డీజిల్‌తో కలిసి సబ్బులాంటి జిగురు చేసి ఫిల్టరు మూసేస్తుంది. బయోడీజిల్ కలిసిన ఇంధనమైతే లోపలి పొర ఎఫ్‌కెఎమ్ (ఇంధనానికి తట్టుకునే ఫ్లోరిన్ రబ్బరు) రబ్బరుతో చేసిన గొట్టం వేయండి.

టెఫ్లాన్ టేపు పూర్తిగా మానేయండి, దాని పీలికలు ఇంజెక్టర్ల దాకా వెళ్తాయి. టేపర్ మరలకు (చివరికి సన్నబడే మరలు) మాత్రం డీజిల్‌కు తట్టుకునే లిక్విడ్ సీలెంట్, అదీ మొదటి రెండు మరలు వదిలేసి రాయాలి. ఫ్లేర్‌కు, బ్యాంజోకు ఏమీ రాయక్కర్లేదు. బ్యాంజోకు ప్రతిసారీ రెండు పక్కలా కొత్త వాషర్లు వేసి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కే బిగించండి.

పీల్చే వైపు లీకు బయటికి కారదు, గాలిని లోపలికి లాగుతుంది. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్టవడానికి మొరాయించినా, ఐడ్లింగ్ ఊగినా ముందు అక్కడే చూడాలి. పంపుకు ముందు కొద్దిసేపు డీజిల్‌కు పనికొచ్చే పారదర్శక గొట్టం ముక్క పెట్టి చూడండి. మొదట్లో కొన్ని బుడగలు సహజం, ఇంజన్ వేడెక్కాక కూడా వస్తూనే ఉంటే ఏదో జాయింటు గాలి పీలుస్తోంది.

కామన్ రైల్ ఇంజన్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే హై ప్రెషర్ పైపు నుంచి డీజిల్ అందేది) అయితే కొత్త ఫిల్టరులో పైనుంచి డీజిల్ పోయకండి, వడకట్టని చెత్త శుభ్రమైన వైపుకు చేరుతుంది. హ్యాండ్ ప్రైమర్‌తోనే (చేత్తో నొక్కే చిన్న పంపు) గాలి తీయండి. హై ప్రెషర్ పైపుల నట్లు మాత్రం ఇంజన్ నడుస్తుండగా వదులు చేయనే చేయొద్దు. అక్కడ ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది, సన్నటి ధార కూడా చర్మం చీల్చుకుని లోపలికి దూరుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది.

మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిరిగి తెచ్చే రిటర్న్ లైను సైజు తగ్గించకండి. ఫిట్టింగులు మార్చిన తర్వాత అదే లోడుతో, అదే ఎత్తు మీద గేజి మళ్లీ చూడండి. రీడింగు కదలకపోతే అడ్డు ఇంకోచోట ఉంది, మిగతా ఫిట్టింగుల మీద డబ్బు పెట్టకండి.