తమ్మీ, ఆరుద్ర కార్తెల ఆరుద్ర చుక్క కనపడది

తమ్మీ,

నక్షత్రాల పుట్టుక చావుల మీద వ్యాసం రాసి నువ్వు పంపిన పీడీఎఫ్ మొన్న రాత్రి దేవరకొండ పోయే లాస్ట్ బస్సుల కూసొని ఫోన్లనే చదివిన, రెండుసార్లు. మెసేజ్‌ల పదిసార్లు సార్ సార్ అని రాసినవ్, అట్ల వద్దు, అన్నా అను చాలు. ముందుగాల మంచి మాట చెప్త. నీ భాష బాగున్నది, పాలమూరు మాట సిగ్గుపడకుండ వస్తది, పేపరోళ్ళ తెలుగు ఇంకా అంటలేదు నీకు. దాన్ని అట్లనే ఉండనియ్.

ఇగ తిట్టుడు. రెండో పేజీల ఏం రాసినవ్? ఆరుద్ర కార్తె రాత్రుల్ల మొగులు మీద ఆరుద్ర నక్షత్రం ఎర్రగ మెరుస్తుంటే రైతు విత్తనం చేతవట్టి చూస్తుంటడు అని. చదవనీకె మస్తుగుంది గని అసలు కార్తె అంటే ఏందిరా? పొద్దు ఆ చుక్క దిక్కుకు వచ్చి ఉండే పదమూడు పద్నాలుగు రోజులు, గదే కార్తె. జూన్ 22 అటు ఇటు సూర్యుడు, ఆరుద్ర ఒక్క దిక్కే ఉంటరు, పొద్దుతోని పొడుస్తది పొద్దుతోనే గూకుతది. ఆ కార్తెల నువ్వు రాత్రంత బంగ్లా మీద పండుకున్నా ఆరుద్ర కనపడది. కనపడాల్నంటే చలికాలం రావాలె, డిసెంబర్ ఆఖరుకు పొద్దుగూకినంక తూర్పు దిక్కు చూస్తే వరుసల మూడు చుక్కలు ఉంటయి గదా, మా అవ్వ వాటిని గొల్లకావడి అంటుండె, వాటి ఎడమ పక్కకు ఎర్రగ కనపడేది ఆరుద్ర, ఇంగ్లిష్‌ల బెటెల్‌జ్యూస్ అంటరు. అంటే చెల్కల ఎర్ర ఆరుద్ర పురుగులు తిరిగే రోజులల్ల పైన ఎర్ర ఆరుద్ర ఉండది. గిది రాస్తే నీ పేరా ఎంత బాగుంటుండె చెప్పు.

నేను శుద్ధపూసను అనుకోకు. ఇదే చుక్క తోటి నేను ఇజ్జత్ పోగొట్టుకున్న. 2019 ఆఖరుల ఆరుద్ర మసకబారుడు మొదలైంది, 2020 ఫిబ్రవరికి మామూలు వెలుగుల సుమారు 36 శాతానికి పడిపోయింది. దానికి టెలిస్కోప్ గూడ అక్కరలేకుండె తమ్మీ, నేను నల్లగొండల మా బంగ్లా మీద నిలబడి ఉత్త కండ్లతోనే రోజు చూసేటోణ్ణి. పక్కన రోహిణి ఉంటది, మామూలుగ ఆరుద్ర కన్న ఒక మెట్టు తక్కువే. జనవరి నాటికి రోహిణే ఎక్కువ వెలుగున్నది. ఫిబ్రవరిల ఆరుద్రకు దగ్గర్ల ఉన్న ఇంకో చుక్క బెల్లాట్రిక్స్‌తోని పోలిస్తే రెండు ఒక్కతీరు కనపడ్డయి. నాకు కాళ్ళు చేతులు ఆగలే, ఒక పత్రికకు అర పేజీ రాసిచ్చిన, ఆరుద్ర పేలబోతున్నది, పట్టపగలు గూడ కనపడతది అని. ఏప్రిల్ అయ్యేసరికి అది మళ్ళ ఎప్పటిలెక్కనే వెలిగింది. ఊర్ల ఛాయ్ హోటల్ కాడ ఏడాది దాంక అడిగిండ్రు, ఏమాయె అన్నా నీ చుక్క పేలిందా అని.

తర్వాత అసలు సంగతి బయటపడ్డది. చిలీల ఉన్న పెద్ద టెలిస్కోప్‌తోని ఆ చుక్క ముఖాన్ని ఫోటో తీస్తే కింది దిక్కు, అంటే దక్షిణం సగం, నల్లగ కమ్ముకొని ఉన్నది. హబుల్ స్పేస్ టెలిస్కోప్ అల్ట్రావయొలెట్‌ల చూస్తే అంతకుముందే లోపలి నుంచి ఒక పెద్ద వేడి గ్యాస్ గడ్డ బయటికి ఎగదన్నినట్టు తేలింది, అది దూరంపోయి సల్లబడి దుమ్మై మనకు అడ్డం వచ్చింది, చుక్క మీద గూడ ఒక భాగం కొంచెం సల్లబడ్డది. అంటే ముసలి చుక్క సచ్చే ముందు తన ఒంటిని ఎట్ల రాల్చుకుంటదో మనం కండ్లార చూసినం, నేను చూసిన గూడ అదేందో తెలుసుకోలే. పేలుడు కోసం ఎదురుచూస్తున్న గదా. దాని వయసు దాదాపు కోటి ఏండ్లు, పేలనీకె ఇంకో లక్ష ఏండ్లన్న పట్టొచ్చు అంటరు. నేను ఒక్క నెల ఆగలేకపోయిన.

ఇప్పుడు నీ వ్యాసంల అసలు లోటు చెప్త. నక్షత్రం పుట్టింది, పెరిగింది, ముసలిదైంది, సచ్చింది అని వరుసగ చెప్పుకుంట పోయినవ్, ఎవరో పక్కన పీటేసుకొని కూసోని చూసినట్టు. ఎవరు చూసిండ్రు? సూర్యుని ఆయుష్షే వెయ్యి కోట్ల ఏండ్లు, టెలిస్కోప్ వచ్చి నాలుగు వందల ఏండ్లు. మరి ఎట్ల తెలిసింది? నీ పదకొండు పేజీలల్ల ఈ ఒక్క ప్రశ్న లేదు. పాఠకుడు నమ్మాలె అన్నట్టే రాసినవ్, నేనైతే వాడు అడగాలె అన్నట్టు రాస్త.

మన దిక్కు బత్తాయి తోటలు చూసినవ్ గదా. ఒక్క రోజు నాటిన తోట అయితే అన్ని చెట్ల వయసు ఒక్కటే, తేడా వస్తే అది చెట్టు బలంల, నేలల వస్తది. మొగులు మీద గూడ అట్ల ఒక్కసారి నాటిన తోటలు ఉన్నయి. కృత్తికలు, మనోళ్ళు పిల్లలకోడి అంటరు, ఒక్క గ్యాస్ మబ్బుల నుంచి దాదాపు ఒక్కసారే పుట్టిన గుంపు, సుమారు పది కోట్ల ఏండ్లది. టెలిస్కోప్‌ల చూస్తే అందులున్న పెద్దయి అన్ని నీలం తెలుపు. దాని పక్కనే రోహిణి చుట్టు ఇంకో గుంపు ఉన్నది, హయడీస్, అరవై కోట్ల ఏండ్లు దాటింది, అండ్ల ఆ నీలం పెద్దోళ్ళు ఎవ్వరు లేరు, నారింజ రంగు ముసలి చుక్కలు కొన్ని ఉన్నయి. రెండు తోటలు పక్కపక్కన పెట్టి చూస్తే ముందు ఎవరు పోతరో తెలిసిపోతది, లావుగ బరువున్నోళ్ళు ముందు పోతరు. (రోహిణి ఆ గుంపు మనిషి కాదు మల్ల, అది 65 కాంతి సంవత్సరాల దూరంల ఉన్నది, గుంపు 150 దగ్గర, అడ్డం నిలబడ్డది అంతే. నువ్వు రోహిణి కుటుంబం అని రాసినవ్, కొట్టేయ్.)

పెద్దది ముందు సచ్చుడు ఏంది, సరుకు ఎక్కువుంటది గదా అని మా అక్క కొడుకు అడిగిండు. వాడు బోర్లు వేసే బండి మీద పని చేస్తడు, వానికి వాని భాషల్నే చెప్పిన. చెర్వు పది రెట్లు పెద్దదే, కని మోటార్లు ఎన్ని పెట్టినవ్ అని. సూర్యుని కన్న పది రెట్ల బరువున్న చుక్క పది రెట్లు కాదు, మూడు వేల రెట్ల దాంక వెలుగుతది. వెయ్యి కోట్ల ఏండ్లను పదితోని గుణించు, మూడు వేలతోని భాగించు, మూడు కోట్ల చిల్లర ఏండ్లు వస్తది. చెర్వు ఖాళీ. అదే చిన్న ఎర్ర చుక్కలు ఉంటయి, మిణుకు మిణుకు అనుకుంట లక్షల కోట్ల ఏండ్లు నడుస్తయి. లెక్క చిన్నదే, వ్యాసంల పెట్టు, లెక్క చూస్తే జనం పారిపోతరు అని నీకు ఎవరన్న చెప్పి ఉంటరు, మన ఊర్ల ఎకరాకు ఎన్ని బస్తాలు అని నోటితోనే లెక్క చేసేటోళ్ళు ఏం పారిపోరు.

మరి బరువు ఎట్ల తూచిండ్రు అని అడుగుతరు. ఇక్కడ మన ఇలాకా కథ ఉన్నది, నువ్వు వదిలేసినవ్, నాకు దుఃఖమైంది. సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం అవతల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ ఉన్నది, ఉస్మానియా యూనివర్సిటీది, 48 అంగుళాల అద్దం. అక్కడ ఎక్కువ పని చేసింది జంట నక్షత్రాల మీద. ఒకదాని చుట్టు ఒకటి తిరుగుతుంటయి, మన దిక్కు నుంచి చూస్తే ఒకటి ఇంకోదానికి అడ్డం వస్తది, వెలుగు తగ్గుతది, మళ్ళ పెరుగుతది. ఎన్ని గంటలకు తగ్గింది, ఎంత తగ్గింది, ఎంతసేపున్నది అని రాత్రంత కొలిచి గ్రాఫ్ గీస్తరు. దానికి ఆ చుక్కలు ఎంత స్పీడ్‌తోని తిరుగుతున్నయో స్పెక్ట్రమ్ నుంచి, అంటే వెలుగును రంగులుగ విడదీస్తే వచ్చేదాని నుంచి, తెచ్చి కలిపితే సైజు, బరువు రెండు వస్తయి. ఇది గ్రహణమే గదా తమ్మీ, చుక్కకు చుక్క పట్టే గ్రహణం.

గ్రహణం అంటే నాకు 1980 ఫిబ్రవరి 16 యాదికొస్తది. సంపూర్ణ సూర్యగ్రహణం మన నల్లగొండ మీదికెళ్ళే పోయింది, రంగాపూర్‌కు సైంటిస్టులు మిషన్లు పట్టుకొని వచ్చిండ్రు. దేవరకొండ దగ్గర మా ఊర్ల నేను తొమ్మిదేండ్ల పోరన్ని, అవ్వ పచ్చడి జాడీల మీద గరిక పెట్టి తలుపులు బిగించింది. పగులున్న తలుపు సందుల నుంచి నాకు కనపడ్డది వాకిలి ఒక్కటే. దాదాపు మూడున్నర దాటినంక ఎండ రంగు మారింది, పసుపు కాదు, సత్తు గిన్నె రంగు, కోళ్ళు తమంతట తామే గంప దిక్కు నడిచినయి, చింతచెట్టు మీద ఒక చుక్క వచ్చింది, పెద్దగైనంక తెలిసింది అది శుక్కుర చుక్క అని. రెండు నిమిషాలు. తర్వాత కోడిపుంజు కూసింది. సూర్యున్ని నేను చూడనే లేదు. ఆ రెండు నిమిషాల బాకీ తీర్చుకోనీకెనే ఇన్నేండ్లు రాస్తున్న అనుకుంట అప్పుడప్పుడు.

ఇంకోటి. స్పెక్ట్రమ్ అనే మాట నువ్వు వాడినవ్ గని నువ్వు చూడలే, వాక్యం చదివితే తెలుస్తది. పాత డీవీడీ ముక్క ఒకటి కోసి అగ్గిపెట్టె కన్న కొంచెం పెద్ద అట్టడబ్బాల పెట్టు, ఎదురుంగ బ్లేడుతోని సన్నని సందు చేయి, కిరాణా దుకాణంల ఇంకా సీఎఫ్ఎల్ బల్బు ఉంటే దాని దిక్కు పట్టు. రంగులు కలిసిపోకుండ వేరే వేరే గీతలు కనపడతయి. ఎల్ఈడీ దిక్కు తిప్పితే గీతలు పోయి పట్టీ లెక్క వస్తది. గంతే సంగతి. 1864ల విలియం హగ్గిన్స్ అనే ఆయన లండన్‌ల తన సొంత ఇంటి టెలిస్కోప్‌కు ఇట్లాంటిదే తగిలించి డ్రాకో అనే చుక్కల గుంపు దిక్కున్న ఒక మసక మబ్బును చూసిండు. అప్పటిదాంక ఈ మబ్బులన్ని దూరంగున్న చుక్కల గుంపులే అయి ఉంటయి అని చానా మంది అనుకునేది. చుక్కలైతే పట్టీ రావాలె. ఆయనకు వట్టి గీతలు కనపడ్డయి. అంటే అది గ్యాస్. ఇప్పుడు మనకు తెలుసు, అది మన సూర్యుని అసొంటి చుక్క ముసలిగై తన మీది పొరలు ఊడ్చేసుకున్న మబ్బు అని, మధ్యల మిగిలిన గట్టి గింజ వైట్ డ్వార్ఫ్ అయితది. హైదరాబాద్‌ల పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు గూడ గీతలతోనే పని చేసిండు, వాళ్ళ నాయన నిజామియా అబ్జర్వేటరీల పని చేసేటోడు. 1957ల అమెరికా శాస్త్రవేత్త విల్సన్‌తోని కలిసి ఆయన చెప్పింది ఏందంటే, కాల్షియం గీత నడిమిట్ల ఒక సన్నని వెలుగు గీత ఉంటది, దాని వెడల్పు చూస్తే ఆ చుక్క అసలు ఎంత వెలుగుందో చెప్పొచ్చు అని. అసలు వెలుగు తెలిస్తే దూరం తెలుస్తది.

మాటల సంగతి. శ్వేత కుబ్జ తార, అరుణ బృహత్తార, కేంద్రక సంలీనం, ఇవన్నీ ఒక్క పేజీలనే. పరీక్ష రాస్తున్నవా? ఫ్యూజన్ అను, వైట్ డ్వార్ఫ్ అను, లేకపోతే తెల్ల మరుగుజ్జు అను, ఏదో ఒకటి అనుకొని చివరిదాంక అదే అను. చుక్క మండుతున్నది అని మాత్రం రాయకు, మంటకు గాలి కావాలె, అక్కడ హైడ్రోజన్ ఒత్తుకొని హీలియం అయితున్నది. రంగు గురించి రాసేటప్పుడు మీ ఊరి కొలిమి కాడికి పో, కర్రు కాలేటప్పుడు ముందు ఎర్రగైతది, తర్వాత పసుపు, ఇంకా ఊదితే తెలుపు. ఆరుద్ర మూడున్నర వేల డిగ్రీలు, అందుకే ఎరుపు. సిరియస్ అనే చుక్క దాదాపు పది వేలు, అందుకే తెలుపు.

"మనం చూసేది గతాన్ని" అనే లైన్ తీసేయ్, ప్రతి ఒక్కడు రాస్తడు. ఉంచాల్నని ఉంటే ఇట్ల రాయి. ఆరుద్ర దూరం 550 నుంచి 700 కాంతి సంవత్సరాల మధ్య అంటరు, అంటే ఇయ్యాల నీ కంట్ల పడే వెలుగు బయల్దేరినప్పుడు దేవరకొండ, రాచకొండ కోటలల్ల రేచర్ల పద్మనాయకులు ఉన్నరు. కోట ఎక్కి చూసి రా, తర్వాత రాయి.

సంక్రాంతి దాటినంక అమాస ముందు రోజు రా. డిండి దిక్కు మా తమ్ముని చెల్క ఉన్నది, అక్కడ లైట్లు తక్కువ. నా ఆరంగుళాల టెలిస్కోప్ ఆటోల పట్టుకపోదాం. గొల్లకావడి కింద వేలాడే చుక్కలల్ల నడిమిది చుక్క కాదు, ఓరియన్ నెబ్యులా, చుక్కలు పుట్టే చోటు, ఇప్పటికీ పుడుతున్నయి. ఫోటోలల్ల చూసిన గులాబి రంగు కనపడది, ముందే చెప్తున్న, కట్టెల పొయ్యి పొగ తెల్లారి పొలం మీద ఆగినట్టు బూడిద రంగుల ఉంటది, మధ్యల నాలుగు చుక్కలు మెంతిగింజల లెక్క. ఒక కన్ను మూసుకొని పది నిమిషాలు కదలకుండ చూడాలె, అప్పుడు మెల్లగ ఇంకో అంచు కనపడతది. చూసినంక ఏం మాట్లాడకు, టార్చికి ఎర్ర కాయితం చుట్టుకొని ఆడనే నోట్‌బుక్‌ల రాసుకో. స్వెట్టర్ తెచ్చుకో, మంకీ క్యాప్ నా దగ్గర రెండున్నయి. రెండో పేజీ మాత్రం వచ్చే లోపల మార్చి పంపు.

మీ అన్న