మాస్ట్ దగ్గరికి వెళ్లనక్కర్లేకుండా

సికింద్రాబాద్

చి. శ్రీనుకి, పెదనాన్న ఆశీస్సులు.

పడవలో ఒక్కడివే వెళ్తున్నావనీ, తెరచాప తాళ్లన్నీ మాస్ట్ (చాప నిలబెట్టే స్తంభం) దగ్గర్నుంచి కాక్‌పిట్‌లోకి, అంటే చుక్కాని పట్టుకుని కూర్చునే చోటికి, తెచ్చుకుంటానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. మంచి పనే. అయితే తాళ్లు కాదురా, పనులు లెక్కపెట్టుకో. గాలి పెరిగితే పెద్ద తెరచాప తగ్గించాలి, అదే రీఫ్ చెయ్యడం. దానికి హ్యాలియార్డ్, అంటే చాపను పైకెత్తే తాడు, వదలాలి, రీఫ్ ముందు మూల బూమ్‌కి, అంటే చాప అడుగున ఉండే అడ్డకర్రకి, బిగించాలి, వెనక మూల లాగాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి మాస్ట్ దగ్గర మిగిలినా నువ్వు లేచి వెళ్లాల్సిందే. చాలామంది హ్యాలియార్డ్ ఒక్కటే తెచ్చి ఆగిపోతారు. అప్పుడు వదలడానికి వెనక్కి, ముందు మూలను కొక్కేనికి తగిలించడానికి ముందుకి పరుగెత్తాలి. అది మునుపటికన్నా ప్రమాదం.

ఒక జూలై సాయంత్రం హుస్సేన్‌సాగర్‌లో పడమటి గాలి ఒక్కసారిగా లేచింది. చుక్కాని పిడి వదిలి మాస్ట్ దగ్గరికి వెళ్లాను. పడవ తిరిగిపోయి బూమ్ నా తల మీదుగా దూసుకెళ్లింది. ఆ గాలి ట్యాంక్‌బండ్ వైపే నెడుతుంది. రాతి గోడ ఎంత దగ్గరికొచ్చిందో ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది.

ఇక బిగింపు. నిలువుగా దిగిన తాడు మాస్ట్ అడుగున వెనక్కి తిరిగే చోట, గిలక మీద తాడు బిగువుకు దాదాపు 1.4 రెట్లు బలం పడుతుంది. అందులో సగానికి పైగా డెక్‌ని (పడవ పైతలాన్ని) పైకి పీకేదే. కాబట్టి గిలకను వీలైతే మాస్ట్ అడుగు ప్లేటుకే తగిలించు. డెక్‌కి బిగించక తప్పకపోతే కింద వెడల్పాటి ప్లేటు వెయ్యి. డెక్ పొరల మధ్యలో బాల్సా అనే తేలిక చెక్క ఉంటే రంధ్రం పెద్దగా తొలిచి, ఎపాక్సీ జిగురు నింపి, గట్టిపడ్డాక బోల్టు సైజుకి మళ్లీ తొలువు. ఈ పని మాత్రం తొందరపడకు. నీళ్లు దిగితే చెక్క లోపల్లోపలే మెత్తబడుతుంది, పైకి తెలియదు.

తాడు తిరిగిన ప్రతి మలుపులోనూ రాపిడి పెరుగుతుంది. ఒకే తాడుతో రీఫ్ చేసే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది గానీ మలుపులెక్కువ. నేనైతే ముందు మూలకొకటి, వెనక మూలకొకటి వేస్తాను. బేరింగులున్న గిలకలే కొను. పాత హ్యాలియార్డ్ పొడవు చాలదు, సాగని తాడు కొత్తది తీసుకో. అవుట్‌హాల్ (చాప అడుగంచును బూమ్ చివరికి లాగే తాడు), టాపింగ్ లిఫ్ట్ (బూమ్‌ని పైకి పట్టి ఉంచే తాడు) ఉన్నచోటే ఉండనీ.

మొదటి రీఫ్‌కి హ్యాలియార్డ్ ఎంత వదలాలో చూసుకుని, తాడు మీద రంగు దారంతో గుర్తు కుట్టు. గుర్తు క్లచ్ (తాడును జారకుండా పట్టుకునే బిగింపు) దగ్గరికి రాగానే ఆపెయ్యొచ్చు, తల పైకెత్తనక్కర్లేదు.

వానాకాలపు గాలులు రాకముందే పని ముగించు. ఒడ్డున కట్టి హ్యాలియార్డ్ వదిలి చూడు. చాప తనంతట తాను దిగాలి. దిగకపోతే కబురు చెయ్యి, నేనే వచ్చి గిలకలు చూస్తాను.

మీ పెదనాన్న