పింక్ ఫ్లాయిడ్ బాణీ ఎక్కడ మారింది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా మిత్రుల మధ్య ఎప్పుడూ ఇదే గొడవ. బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ మొదటి గాయకుడు, గిటారిస్టు సిడ్ బారెట్ వెళ్లాక అది పింక్ ఫ్లాయిడే కాదని కొందరు, బేస్ గిటారిస్టు రోజర్ వాటర్స్ వెళ్లేదాకా అసలైన బ్యాండేనని కొందరు. ఇంతకీ బాణీ మారింది ఎక్కడ? – ఒక పాఠకుడు, మారేడ్‌పల్లి

జవాబు: ఆ రెండు చోట్లా కాదు. బారెట్ 1968లో వెళ్లాక మిగిలినవాళ్లు మూడేళ్లపాటు దారి వెతుక్కున్నారు. సినిమాకు పాటలు చేశారు, ఆర్కెస్ట్రా పెట్టి చూశారు. 1971లో 'మెడిల్' ఆల్బమ్ వచ్చేసరికి దారి దొరికింది. అందులో 'ఎకోస్' ఇరవైమూడున్నర నిమిషాల పాట. మొదట్లో నీటిబొట్టు పడ్డట్టు 'టింగ్' మంటుంది చూడండి, అది బ్యాండ్ కీబోర్డు వాద్యకారుడు రిచర్డ్ రైట్ పియానో మీద మీటిన ఒకే ఒక్క స్వరం. దాన్ని లెస్లీ స్పీకర్ గుండా పంపారు. లోపల కొమ్ము గుండ్రంగా తిరిగే స్పీకర్ అది, అందుకే ఆ స్వరం వణుకుతుంది. తొందరపడకుండా స్వరాన్ని మోగనిచ్చి దాని చుట్టూ పాట కట్టే ఆ పద్ధతే 1973 నాటి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'కీ, 1975 నాటి 'విష్ యూ వర్ హియర్'కీ ప్రాణం. 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్'లో అందరికీ గుర్తుండే గిటార్ నాలుగు స్వరాలు దాదాపు నాలుగో నిమిషంలో గానీ రావు. అందాకా కింద పరుపు పరిచి ఉంచేవి రైట్ కీబోర్డులే.

గీత గీయాలంటే 1975కీ 1977కీ మధ్య గీయండి. 'యానిమల్స్' ఆల్బమ్‌లో రైట్‌కు రచయితగా ఒక్క పాటలోనూ పేరు లేదు. అలా జరగడం అదే మొదటిసారి. గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ పేరు కూడా 'డాగ్స్' ఒక్కదానికే ఉంది, మిగతావన్నీ వాటర్స్‌వే. చెవికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. కీబోర్డు మీద తేలిపోయే కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) తగ్గాయి, గిటార్ గరుకెక్కింది, మాట ముందుకొచ్చింది.

మీ గొడవలో ఎవరైనా ఒక అడ్డుప్రశ్న వేయవచ్చు: 'డాగ్స్', 'షీప్' 1974 కచేరీల్లోనే వేరే పేర్లతో వాయించారు కదా, మరి 1977లో మారిందేమిటి అని. నిజమే, సరుకు పాతదే, వంటే మారింది. పైగా 'షీప్' మొదట్లో వినిపించే ఎలక్ట్రిక్ పియానో రైట్‌దే. రచయితగా పేరు లేకపోయినా చెయ్యి అతనిదే. ఈ బ్యాండ్ గురించి మాట్లాడేవాళ్లు రైట్‌ను ఇంత తేలిగ్గా మర్చిపోవడం మాకు బాధగా ఉంటుంది.

ఆ తర్వాత 1979లో 'ద వాల్' తయారవుతుండగా అతన్ని బ్యాండ్ నుంచి తప్పించారు. ఆ డబుల్ ఆల్బమ్‌లోని 26 పాటల్లో గిల్మోర్‌కు వాటా ఉన్నవి మూడే. 1983 నాటి 'ద ఫైనల్ కట్'లో రైట్ అసలు లేనే లేడు. 1985లో వాటర్స్ వెళ్లిపోయినప్పుడు పోయింది మాటల పదును. నాదం అప్పటికే చాలా ఏళ్ల కింద పలచబడింది.

ఒకే కూర్చోవడంలో 'డార్క్ సైడ్'లోని 'అస్ అండ్ దెమ్', వెంటనే 'యానిమల్స్'లోని 'పిగ్స్' వినండి. మొదటిదానికి సంగీతం కట్టింది రైటే. 'యానిమల్స్'కు మాత్రం 2022లో విడుదలైన కొత్త రీమిక్స్ తీసుకోండి, కీబోర్డులు అందులో బాగా విడివడి వినిపిస్తాయి.

ప్రశ్న: నేను మృదంగం నేర్చుకున్నాను. 'మనీ' పాట ఏడు మాత్రల్లో ఉందంటారు. మిశ్ర చాపు (మూడూ నాలుగుగా నడిచే ఏడు మాత్రల తాళం) లెక్క దానికి పనికొస్తుందా? మా బ్యాండ్‌లో ప్రతిసారీ గిటార్ సోలో దగ్గర తాళం తప్పుతోంది. – మలక్‌పేట

జవాబు: భేషుగ్గా పనికొస్తుంది. బేస్ గిటార్ వరసను తకిట, తకధిమి అని మూడూ నాలుగుగా విడగొట్టండి. 'బీ' స్వరాన్ని షడ్జం అనుకుంటే తకిటలో స, తారస్థాయి స–ప జంట, మళ్లీ స. తకధిమిలో మంద్ర పంచమం, మంద్ర కైశికి నిషాదం, స, సాధారణ గాంధారం. మాత్రలు ఏడు, స్వరాలు ఎనిమిది. ఎందుకంటే రెండో మాత్రలో రెండు స్వరాలు ఇమిడాయి.

కర్ణాటక సంగీతం వచ్చినవాళ్లు తప్పేది ఆ రెండో మాత్ర దగ్గరే. ఆ రెండు స్వరాలనూ సమానంగా కొడతారు, దాంతో పాట బిగుసుకుపోతుంది. ఆ మాత్రను తిశ్రంలో మూడు ముక్కలు చేసి, రెండు ముక్కలు పై షడ్జానికి, ఒక్క ముక్క పంచమానికి ఇవ్వండి. ఊపు దానంతట అదే వస్తుంది.

ఇక సోలో సంగతి. శాక్సఫోన్ సోలో ఏడులోనే నడుస్తుంది. గిటార్ సోలో మొదలవగానే పాట నాలుగు మాత్రలకు మారుతుంది, అది అయ్యాక మళ్లీ ఏడు. మీవాళ్లు బహుశా సోలోలో కూడా ఏడే లెక్కపెడుతున్నారు, లేదా ఒక్కొక్కరు ఒక్కో ఆవర్తంలో (తాళం చుట్టులో) మారుతున్నారు. మారే ముందు ఆవర్తాన్ని డ్రమ్మర్ ఒక్కడే పైకి లెక్కపెట్టాలి, మిగతావాళ్లు అతని చేతినే చూడాలి. ముందు గిటార్ లేకుండా బేస్, డ్రమ్స్ మాత్రం ఆ మలుపును ఓ ఇరవైసార్లు వాయించండి.

రికార్డు మొదట్లో వినిపించే చిల్లర, గల్లాపెట్టె చప్పుళ్లు కూడా ఏడే. ఒక్కో చప్పుడున్న టేపు ముక్కను కొలబద్దతో సమానంగా కొలిచి, కోసి, అతికించి చుట్టుగా తిప్పారు. మీరు కీబోర్డులోంచి ఆ చప్పుళ్లు వేయదలిస్తే ఏడు ముక్కలూ ఒకే నిడివిలో కత్తిరించుకోండి.

ప్రశ్న: కాలేజీ ఫెస్ట్‌కు 'రన్ లైక్ హెల్' వాయిస్తున్నాం. గిటార్ స్వరాన్ని కాస్త ఆలస్యంగా తిరిగి పలికించే డిలే పెడల్ 380 మిల్లీసెకన్లకే పెట్టాం, అయినా అంతా గజిబిజిగా ఉంది. పెడల్ మంచిది కాదేమో? – కూకట్‌పల్లి

జవాబు: పెడల్ తప్పు కాకపోవచ్చు. 380 అనే అంకె నిమిషానికి సుమారు 118 దెబ్బల వేగానికి సరిపోతుంది. లెక్క తేలిక: 60,000ను వేగంతో భాగించి, వచ్చినదాంట్లో ముప్పావు తీసుకోండి. 118కి 381 వస్తుంది. వేదిక ఎక్కిన ఉత్సాహంలో డ్రమ్మర్ 124కి పోతే కావలసింది 363. తేడా 18 మిల్లీసెకన్లే, కానీ ప్రతి ప్రతిధ్వనీ దాన్ని పెంచుకుంటూ పోతుంది కనుక నాలుగోది వచ్చేసరికి తాళం కొట్టుకుపోతుంది. డ్రమ్మర్ చెవిలో క్లిక్ (వేగం చెప్పే టిక్ టిక్ చప్పుడు) పెట్టండి. అది కుదరకపోతే ట్యాప్ బటన్ ఉన్న పెడల్ వాడండి. కాలితో తట్టిన వేగంలో ముప్పావు ఇచ్చే అమరిక దానికి ఉందో లేదో ముందే చూసుకోండి.

ప్రతిధ్వని శబ్దం అసలు స్వరానికి దాదాపు సమానంగా ఉండాలి. చాలామంది దాన్ని భయంతో తగ్గించేస్తారు, అప్పుడు గుర్రపు పరుగు రాదు. మందపాటి ఆరో తీగను 'ఈ' నుంచి 'డీ'కి దించండి. కుడిచేతి అంచుతో తీగలను అదిమి పొట్టిగా, సమానంగా కొట్టండి. ప్రతి స్వరమూ సాగితే ప్రతిధ్వనికి చోటుండదు. యాంప్‌లో రివర్బ్ (గదిలో మోగినట్టు వచ్చే గుంజుడు) పూర్తిగా తీసేయండి. టైల్స్ వేసిన చిన్న ప్రాక్టీస్ గదిలో గోడలే కావలసినంత రివర్బ్ ఇస్తాయి.

ఇదీ పాత అలవాటే. 1971లో 'వన్ ఆఫ్ దీజ్ డేస్'లో వాటర్స్, గిల్మోర్ ఇద్దరూ బేస్ వాయించారు, దాన్ని బిన్సన్ ఎకోరెక్ గుండా పంపారు. టేపుకు బదులు తిరిగే అయస్కాంతపు చక్రం మీద నాదాన్ని రాసుకునే యంత్రం అది. తర్వాత యంత్రం మారింది గానీ ప్రతిధ్వనినే తాళంగా వాడుకోవడం మారలేదు.

ప్రశ్న: వాటర్స్ లేని ఆల్బమ్‌లు వినడం దండగా? – తార్నాక

జవాబు: ఎంతమాత్రం కాదు, అయితే అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. 1987 నాటి 'ఎ మొమెంటరీ ల్యాప్స్ ఆఫ్ రీజన్'లో చాలాచోట్ల వాయించింది బయటి కళాకారులు, డ్రమ్స్ మీద ఎనభైల మెరుపు ఎక్కువ. 1994 నాటి 'ద డివిజన్ బెల్'తో మొదలుపెట్టండి. రైట్ పేరు రచయితగా మళ్లీ కనిపిస్తుంది, 'వేరింగ్ ది ఇన్‌సైడ్ అవుట్'లో గొంతు కూడా అతనిదే. ముందు ఆ పాట, తర్వాత 'మరూన్డ్' వినండి. రాత్రి, ఫ్యాన్ కట్టేసి, హెడ్‌ఫోన్‌లో.