రెడ్ వైన్‌లో పులుపు చాలకపోతే నిమ్మరసం వద్దు

కావలి తమ్ముడూ, ద్రాక్షరసం పీహెచ్ (పులుపు కొలత, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) 3.9 చూపిస్తోంది, గూడూరు నిమ్మకాయలు పిండమంటారా అని అడిగావు. దయచేసి ఆ పని చేయకు. నిమ్మలోని సిట్రిక్ యాసిడ్‌ను తర్వాత బ్యాక్టీరియా కొంత వెనిగర్ పులుపుగా మార్చేస్తుంది. టార్టారిక్ యాసిడ్ కొను. ద్రాక్షలో సహజంగా ఉండేదే, మన చింతపండు పులుపూ అదే. ఎండలకు కాయలోని మాలిక్ యాసిడ్ ఖర్చైపోతుంది, అందుకే తీపి ఎక్కేసరికి రసం చప్పబడుతుంది.

లీటరుకు 1 గ్రాము వేస్తే పీహెచ్ సుమారు 0.1 తగ్గుతుంది. ఈస్ట్ వేయకముందే లీటరుకు 2 గ్రాములు కలుపు, కొలువు, రుచి చూడు, ఆపైన కొంచెం కొంచెంగా 3.6 దాకా తీసుకురా. తర్వాత అడుగున గాజుపలుకుల్లాంటి స్ఫటికాలు దిగితే టెన్షన్ పడకు, అది టార్ట్రేటే, అంటే టార్టారిక్ యాసిడ్ లవణమే. మాలోలాక్టిక్ (బ్యాక్టీరియా మాలిక్ యాసిడ్‌ను మెత్తని లాక్టిక్ యాసిడ్‌గా మార్చడం) అయ్యాక పీహెచ్ మళ్లీ కాస్త పెరుగుతుంది, అప్పుడొకసారి కొలిచి చెప్పు.