తాళపుచెవులు తోమావి కావు

తమ్ముడూ,

యేసు శిష్యుడు తోమా పేరు మీద మద్రాసులో ఉన్న శాంథోమ్ చర్చి గురించి నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. ఆ ముసలి వడ్రంగి కొవ్వొత్తి వెలిగించబోయి, గాలికి అరచెయ్యి అడ్డం పెట్టి, చివరికి వెలిగించకుండానే జేబులో వేసుకుని వెళ్లిపోతాడు చూడు, అది చాలా బాగుంది, దాని జోలికి పోకు. కానీ నాలుగో పేజీలో "చేతిలో తాళపుచెవులతో తోమా వారి స్వరూపం" అని ఆ బొమ్మ గురించి రాసిన దగ్గర ఆగిపోయాను. తాళపుచెవులు ఇంకో శిష్యుడు పేతురువి. పరలోకరాజ్యపు తాళపుచెవులు నీకిస్తానని యేసు ఆయనతో అన్నమాట మత్తయి సువార్తలో ఉంది. తోమా చేతిలో ఉండేది బల్లెం, లేదా వడ్రంగులు మూలలు సరిచూసుకునే మూలమట్టం.

ఇది చిన్న పొరపాటు అనుకోకు. పిల్లనగ్రోవి ఉంటే కృష్ణుడు, పక్కన నెమలి ఉంటే కుమారస్వామి అని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా, చర్చిల్లోనూ అంతే. వాళ్ల అసలు ముఖాలు ఎలా ఉండేవో తెలీదు, బొమ్మ చూసే జనంలో చాలామందికి చదువు రాదు, అందుకని చిత్రకారులూ శిల్పులూ ఒక్కో పునీతుడి, అంటే సెయింటు, కథనంతా ఒక్క వస్తువులోకి దించేశారు. పౌలుకి కత్తి, కేథరిన్‌కి విరిగిన చక్రం, లారెన్స్‌కి నిప్పుల మీద తనని కాల్చిన ఇనుప చట్రం. ప్రాణం తీసిన, లేదా తీయబోయిన వస్తువునే మన ఇళ్లలో గరిట పట్టుకున్నంత మామూలుగా పట్టుకుని నిలబడతారు. లూసీ అయితే పళ్లెంలో రెండు కళ్లు పెట్టుకుని ఉంటుంది, ముఖంలో ఇంకో రెండు కళ్లు మనల్నే చూస్తుంటాయి, చాలా బొమ్మల్లో రక్తం చుక్క కూడా కనపడదు. నేను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అక్కడినుంచి కదల్లేకపోయాను. నువ్వేమో వేదన, త్యాగం, కన్నీళ్లు అన్నీ ఒకే పేరాలో కుక్కావు. అవి తీసెయ్.

తీసేసి మూలమట్టం పెట్టు. పాత కథ ఒకటుంది, గొండోఫరెస్ అనే రాజు భవనం కట్టమని డబ్బిస్తే తోమా దాన్నంతా పేదలకి పంచేసి, నీ భవనం పరలోకంలో లేచింది అన్నాడట. ఆ మూలమట్టం అక్కడిది. బల్లెం మాత్రం మన మద్రాసుది, క్రీ.శ. 72లో ఇక్కడే ఆయన్ని బల్లెంతో పొడిచి చంపారని తరతరాల నమ్మకం. నీ ముసలాయన బతుకంతా మూలమట్టం పట్టుకున్న మనిషి, ఆయనకి అక్కడ తాళాలు చూపిస్తే ఏం లాభం చెప్పు?

ఒక్క వస్తువు చూసి తొందరపడినా తప్పే. నా మొదటి కథల్లో ఒకదాంట్లో చేతిలో లిల్లీ పువ్వు, చంకలో పసివాడు ఉన్న స్వరూపాన్ని జోజప్ప, అంటే యేసుని పెంచిన యోసేపు, అని రాసేశాను, అచ్చు కూడా అయిపోయింది. తర్వాత ఒక మంగళవారం ఆర్మీనియన్ స్ట్రీట్‌లో అంతోనియార్ కోవిల్, అంటే అంతోనివారి చర్చి, బయట కొవ్వొత్తులు అమ్మే పెద్దావిడ, "జోజప్పకి గడ్డం ఉంటుందమ్మా, ఈయన అంతోనివారు, నడుం తాడు చూడు" అంది. చూశాను. గోధుమరంగు అంగీ మీద తెల్లతాడు, దానికి మూడు ముళ్లు. మూడు ముళ్లంటే మనకి పెళ్లే గుర్తొస్తుంది, అక్కడ మాత్రం పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని ఫ్రాన్సిస్కన్ సన్యాసులు చేసే మూడు ప్రమాణాలు. ఆ పువ్వూ ఆ పసివాడూ ఇద్దరికీ ఉంటాయి, తేడా అంతా తాడులోనే ఉంది. ఆవిడ రోజూ చూస్తుంది కాబట్టి ఆవిడకి తెలుసు, నేను ఇంట్లో కూర్చుని రాశాను.

అందుకని నాలుగో పేజీ ఇంట్లో దిద్దకు. శాంథోమ్‌కి పొద్దున్నే వెళ్లు, జనం ఉండరు, ఫోన్ బ్యాగులోనే ఉంచి స్వరూపాల చేతులు మాత్రం చూడు. వేళ్లు దేన్ని పట్టుకున్నాయి, గట్టిగానా వదులుగానా, రంగు ఎక్కడ పోయింది, అంతే రాసుకో. నేను పెన్సిల్‌తో గీతలు పెట్టిన కాగితాలు మా ఇంట్లోనే ఉన్నాయి, వచ్చే మంగళవారం వచ్చి తీసుకుంటే అటునుంచి ఆర్మీనియన్ స్ట్రీట్‌కి కలిసి వెళ్దాం.

మీ అక్క