పాఠకుల ప్రశ్నలు: గోల్‌కీపర్ శామ్ హార్డీ

ప్రశ్న: వందేళ్ల కిందటి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ గోల్‌కీపర్ శామ్ హార్డీ పెద్దగా దూకేవాడు కాదని చదివాను. మరి బంతులు ఎలా ఆపాడు?

జవాబు: బంతి రాకముందే సరైన చోట నిలబడి. గోలు వెడల్పు 8 గజాలు, అంటే 24 అడుగులు. బంతి సరిగ్గా ఎదురుగా 12 గజాల దూరంలో ఉందనుకోండి. కీపర్ గోలు గీత మీదే ఉంటే మొత్తం 24 అడుగులూ కాచుకోవాలి. 4 గజాలు ముందుకొస్తే కాయాల్సింది 16 అడుగులే, చెరో వైపు 8. ఒక అంగ వేసి చెయ్యి చాపితే చాలావరకు అందుతుంది. బంతి పక్కకు జరిగితే తనూ జరగాలి. బంతి నుంచి రెండు స్తంభాలకు గీతలు గీస్తే ఏర్పడే కోణానికి నడిమధ్య ఉండాలి. మరీ ముందుకొస్తే తల మీదుగా లేపి కొడతారు. ఆలస్యంగా కదిలితే కాళ్లు కుదురుకోకముందే షాట్ వచ్చేస్తుంది. ఈ అంచనాలో హార్డీ అసాధ్యుడు.

ఇంకో సంగతి. అప్పటి తోలు బంతి బరువు 13 నుంచి 15 ఔన్సులు. వానలో నీళ్లు పీల్చి ఇంకా బరువెక్కేది, జారేది. దాన్ని వేళ్ల కొసలతో తాకడం కన్నా, ఒంటిని బంతి వెనక ఉంచి రెండు చేతులా పట్టడమే క్షేమం.

ప్రశ్న: ఏయే క్లబ్బులకు ఆడాడు?

జవాబు: 1903లో చెస్టర్‌ఫీల్డ్‌తో మొదలు. లివర్‌పూల్ ఆ జట్టును 6–1తో ఓడించింది; అయినా ఆరు గోల్స్ ఇచ్చిన కీపర్‌నే 1905లో కొనుక్కుంది. మరుసటి ఏడాదే లీగ్ గెలిచింది. 1912లో ఆస్టన్ విల్లా, అక్కడ 1913లోనూ 1920లోనూ ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ నాకౌట్ పోటీ) గెలిచాడు. 1921 నుంచి 1925 దాకా నాటింగ్‌హామ్ ఫారెస్ట్. ఇంగ్లండ్‌కు 21 మ్యాచ్‌లు.

ప్రశ్న: అప్పటి నిబంధనలు ఇప్పటిలాంటివేనా?

జవాబు: కావు. 1912 దాకా కీపర్ తన సగం మైదానంలో ఎక్కడైనా బంతిని చేత్తో పట్టొచ్చు, కానీ పట్టుకుని రెండంగలకు మించి వెళ్లకూడదు. ఆ ఏడాది నుంచి చేతుల పని పెనాల్టీ ఏరియాకే (గోలు ముందు గీసిన పెద్ద పెట్టె) పరిమితమైంది. బంతి పట్టిన కీపర్‌ను భుజంతో నెట్టడం మాత్రం అప్పట్లో తప్పు కాదు. అందుకే పట్టిన మరుక్షణం తన్నేయాలి. గాయపడితే బదులు ఆటగాడు కూడా ఉండడు. సండర్లండ్ జట్టుతో జరిగిన 1913 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో హార్డీ దెబ్బ తగిలి బయటికెళ్తే, హాఫ్‌బ్యాక్ (మధ్య వరస ఆటగాడు) జిమ్మీ హారప్ గోల్లో నిలబడ్డాడు. పదిమందితో గోలు కాచుకున్న విల్లా చివరికి 1–0తో గెలిచింది. ఇంగ్లండ్ లీగ్‌లోకి సబ్‌స్టిట్యూట్ వచ్చింది 1965లో.